తువ్వాల కింద బీకాం

గుండయ్య నోరు తెరిస్తే జహీరాబాద్ నుంచి బొంబాయి దాకా రోడ్డు పొడుగునా కోతలే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అయినా మా హోటల్లో ఆయన వచ్చి బెంచీ మీద కూర్చోగానే చుట్టూ నలుగురు చేరతారు, నాకు నాలుగు ఛాయ్‌లు ఎక్కువ అమ్ముడుపోతాయి, అందుకని నేను ఏనాడూ ఆయన్ని ఆపలేదు. మా ఆవిడ నాగవ్వ మాత్రం ఆపుతుంది. మిర్చి బజ్జీల మూకుడు దగ్గర్నుంచి లేవకుండానే ఆపుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. గుండయ్య అల్లం అంగట్లో దలాల్, కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ నడుమ బేరం కుదిర్చేవాడు. మా దగ్గర అల్లం బేరం గానీ ఎడ్ల బేరం గానీ నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు, పైన తువ్వాల కప్పుతారు, లోపల వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ నిలబడ్డవాళ్లకు మొహాలు తప్ప ఏమీ కనపడవు. తువ్వాల కింద వేలు నొక్కాక మాట తప్పేది లేదు, అబద్ధం ఆడేది అసలే లేదు. ఆడినవాడు మళ్లీ అంగట్లో అడుగు పెట్టలేడు. ఇన్నేళ్లలో గుండయ్య నోరు చెప్పిన నిజం నేను వినలేదు, గుండయ్య వేళ్లు చెప్పిన అబద్ధమూ నేను వినలేదు. అందుకే అల్లం వచ్చే రోజుల్లో అందరూ ఆయన్నే పిలుస్తారు. మిగతా రోజుల్లో ఆయన్ని చూసి నవ్వుకుంటారు.

అది అరవై మూడో సంవత్సరం, జూన్ నెల. వీరప్ప తన బిడ్డ మహాదేవమ్మను వెంటబెట్టుకుని హోటల్‌కు వచ్చాడు. చేతిలో ట్రంకు పెట్టె, చంకలో పక్కచుట్ట. హైదరాబాద్ పట్నం బస్సుకు ఇంకా టైముంది. వీరప్పది మొగుడంపల్లి, ఇక్కడ అల్లం దుకాణం నడుపుతాడు. కొడుకుల్లేరు, ఈ పిల్ల ఒక్కతే. పట్నంలో మేనత్త ఇంట్లో ఉండి పీయూసీ పాసైంది, ఇప్పుడు బీకాం సీటు వచ్చింది, రేపటిలోగా పోయి చేరకపోతే సీటు పోతుంది. వారం రోజులుగా వీరప్ప పొద్దున పొమ్మంటాడు, పొద్దుగూకే వేళకు వద్దంటాడు. ఆ రోజు ఒక మధ్య మాట కనిపెట్టాడు. ఒక్క ఏడాది చదివి, లెక్కలు వచ్చాక, వెనక్కి వచ్చి దుకాణంలో కూర్చోమన్నాడు. మూడేళ్లు చదివితే తప్ప డిగ్రీ రాదు, ఒక్క ఏడాదికి పోవడం ఎందుకని పిల్ల. తండ్రీ బిడ్డా బెంచీకి చెరో కొసన కూర్చున్నారు. ఆ మధ్యన గుండయ్య.

"అసలు గీ బీకాం చదివితే ఏమైతదే ఈరయ్యా?" అని వీరప్ప నన్నడిగాడు.

నేను నోరు తెరిచేలోపల గుండయ్య తెరిచాడు.

"ఏమైతదా? ఆ ఈరయ్యనేం అడుగుతవ్, ఛాయ్ ల చక్కెర తక్కువేసుడు తప్ప ఆయనకేం తెలుసు, నన్నడుగు. ఈ జహీరాబాద్ తాలూకాల మొట్టమొదలు బీకాం చదివిందెవలు? నేను. ఇన్నాళ్లు ఎవలకు చెప్పలే. ఎందుకంటె నా గురించి నేను చెప్పుకునుడు నాకు ముందటి సంది ఇష్టముండదు."

"అవునవును, ఊరంతటికి ఎరుకే," అంది నాగవ్వ.

"నడుమల మాట్లాడకు నాగవ్వా, బజ్జీలు మాడుతయ్. ఇను వీరప్పా. పట్నంల నేను బీకాం చదివింది ఒక చిన్న అర్రల. కిరాయికి పైసల్లెవ్వు, ఇంటామెకు సంచెడు అల్లం ఇచ్చిన, యేడు దాటిందాక కిరాయి అడగలే. రాత్రి పగలు చదివిన. పరీక్షల ఒక్కటే సవాల్ ఇచ్చిన్రు. వ్యాపారమంటె ఏంది అని. మిగిలినోళ్లంత కాగితం మీద కాగితం అడుగుడే. నేను ఒక్క ముక్క రాసిన. కొనేటప్పుడు మొకం ఏడుస్తున్నట్టు పెట్టాలె, అమ్మేటప్పుడు అంతకంటె ఎక్కువ ఏడుస్తున్నట్టు పెట్టాలె. గంతే. లేసి వచ్చిన. ఫస్ట్ క్లాస్."

ఇది మాకు పెద్ద లెక్కలోకి రాలేదు. గుండయ్యకు ఇది ఇంకా గొంతు సవరించుకోవడమే.

"సరే, డిగ్రీ కాగితం చేతికొచ్చింది. దాన్ని ఛత్రి లోపల చుట్టి పెట్టుకున్న. అల్లం లారీ ఎక్కి బొంబాయి పోయిన."

"ఎవల లారీ?" అన్నాడు జగ్గయ్య. ఆయన ఈ రోడ్డు మీద లారీ నడుపుతాడు, బొంబాయి సందులన్నీ తెలిసినవాడు.

"నువ్వప్పటికి ఇంకా పుట్టలే."

"నేను నీకంటె పెద్దోన్ని గుండయ్యా."

"అయితే ఆనాడు సెలవు మీదున్నవ్. జర ఇననియ్యరాదు! బొంబాయిల డంకర్లీ దొర కంపెనీ అని ఉండె, సబ్బులు, పంకాలు, బిస్కెట్లు, ఒక్కటేంది, దునియాల అమ్మేది ఏదైన వాళ్లే అమ్మాలె. ఏడంతస్తుల మేడ. గేటు కాడ గూర్ఖా నిలవడ్డడు. వచ్చినోన్ని వచ్చినట్టు ఒక్కటే అడుగుతడు. డిగ్రీ ఉందా, లేదా? లేనోళ్లు ఎడమ దిక్కు, ఆడ మెట్లు, కిందికి, గోదాంలకు. ఉన్నోళ్లు కుడి దిక్కు, ఆడ లిఫ్టు, మీదికి. మెట్లు దిగినోడు ఎంత తెలివిగల్లోడన్న కానీ దిగుతనే ఉంటడు వీరప్పా, వాని తల నెరిసిందాక దిగుతనే ఉంటడు. లిఫ్టు ఎక్కినోడు నిద్రపోయిన ఎక్కుతనే ఉంటడు. తేడా ఏందంటవ్? కాగితం. గంతే."

వీరప్ప మీసం దువ్వుకున్నాడు. "సరే, ఒక్క యేడు చదివినోనికి ఎటు దిక్కు?"

"హా! మంచిగడిగినవ్. ఒక్క యేడు చదివినోన్ని కుడి దిక్కే పంపుతరు. లిఫ్టు ఎక్కుతడు. అది ఒకటో అంతస్తుకు రెండో అంతస్తుకు నడుమల ఆగుతది. ఇనుప జాలి తలుపు తెరువది. మీదికి పోదు, కిందికి రాదు. నేను పోయిననాడు గట్ల చదువు నడుమల ఇడిసిన ఒకాయన అండ్లనే ఉన్నడు. మూడేండ్లాయెనంట. జాలి సందులకెల్లి రొట్టెలు అందిస్తున్నరు. పాపం, పెండ్లి సంబంధం సుత అండ్లనే చూసిన్రంట."

మహాదేవమ్మ ఫక్కున నవ్వింది. ఇంట్లోంచి బయల్దేరినప్పటి నుంచి ఆ పిల్ల నవ్వడం అదే మొదలనుకుంటాను. వీరప్ప ఆమె వంక చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏడో అంతస్తుల డంకర్లీ దొర గది. ఎర్రటి తివాసీ. కుర్చీలు గోడకానుకోని వరుసగ పెట్టిన్రు. మామూలోళ్లు పోతే అవి ఆడనే ఉంటయ్. నేను డిగ్రీ కాగితం ఛత్రిలకెల్లి తీసి బల్ల మీద పెట్టిన్నో లేదో, ఒక కుర్చీ అదే జరుక్కుంట వచ్చి నా ఎన్కకు నిలవడ్డది. దొర కూసో అనే పనే లేకపాయె. కుర్చీనే కూసోమన్నది!"

జగ్గయ్య నవ్వాడు, నేను నవ్వాను. వీరప్ప నవ్వలేదు. ఆయన ఎందుకు నవ్వలేదో నాకు తెలుసు. కిందటేడు ఆయన పట్నంలో ఒక మసాలా కంపెనీ ఆఫీసుకు అల్లం నమూనా పట్టుకుని పోయాడు. మేనేజర్ ఈయన వయసులో సగం కూడా లేని కుర్రవాడు, కామర్స్ డిగ్రీ చేసి నేరుగా ఆ సీట్లోకి వచ్చినవాడు. బల్ల ముందర రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అంతసేపు మాట్లాడాడు గానీ ఆ కుర్రవాడు వీరప్పను కూర్చోమనలేదు. పుట్టినప్పటి నుంచి అల్లం తప్ప వేరే ఎరుగని మనిషి, ఆ కుర్రవాడు పచ్చి అల్లానికీ ముదురు అల్లానికీ తేడా అడుగుతుంటే నిలబడే చెప్పాడు. ఆ రోజు మహాదేవమ్మ కూడా వెంట ఉంది. తిరిగి వచ్చాక వీరప్ప ఈ బెంచీ మీదే కూర్చుని ఆ సంగతి నాకు చెప్పాడు. చెబుతున్నప్పుడు ఛాయ్ ముట్టలేదు.

గుండయ్యకు ఇవేవీ పట్టవు. ఆయన బొంబాయిలో ఉన్నాడు.

"దొర అడిగిండు, నీకు ఏం నౌకరి కావాలె అని. నోటితోని చెప్తె ఏం ఇజ్జత్ ఉంటది? మనం అంగడి మనుషులం. భుజం మీది తువ్వాల తీసిన. దొర చెయ్యి పట్టుకున్న, పైన కప్పిన. ముందుగాల లెక్క చెప్పిన. ఒక్క వేలంటె గుమాస్త, రెండు వేళ్లంటె ఊరూర తిరిగి అమ్మెటోడు, మూడు వేళ్లంటె మేనేజర్, నాలుగంటె నీ కుర్చీ అని. దొర ఒక్క వేలు నొక్కిండు. నేను నాలుగు నొక్కిన. దొర ఒక్కటే పట్టుకోని కూసున్నడు. నేను ఇడువలే. దొరకు చెమట పట్టింది వీరప్పా. టై ఇప్పిండు. కోటు ఇప్పిండు. కిటికీ తెరిపిచ్చిండు. ఆఖరికి మూడు వేళ్లకు ఖరారైంది."

"దొరకు తువ్వాల బేరం వచ్చునా?" అంది నాగవ్వ.

"లండన్ల అల్లం అమ్ముతరు కద, ఎందుకు రాదు? ఇగ చూడు, మేనేజర్ అన్నరు గని డిగ్రీ ఉన్నోన్ని సీదా కుర్చీల కూసోపెట్టరు, ముందుగాల ఊర్ల మీదికి తోలుతరు, అది పద్ధతి. నన్ను పంకాలు అమ్మమని తోలిన్రు. ఏ ఊర్లకు? కరెంటు లేని ఊర్లకు! మిగిలినోళ్లయితే ఏడ్సుకుంట తిరిగొస్తరు. నేను బీకాం. నేనేం జేసిన? చెరుకు గానుగ కాడికి పోయిన. గానుగ మొద్దుకు తాడు కట్టి, తాడు తీస్కపోయి పటేల్ ఇంట్ల పంకకు కట్టిన. ఎద్దు తిరుగుతుంటె పంక తిరుగుతది. పంక కింద పటేల్ పండుకుంటడు. ఎద్దు ఆగితే గాలి ఆగుతది, గాలి ఆగితే పటేల్ లేస్తడు, పటేల్ లేస్తే ఎద్దు నడుస్తది. దీన్నే బీకాంల మేనేజ్‌మెంట్ అంటరు."

ఆ మాటకు హోటల్ మొత్తం నవ్వింది. బయట లారీ కింద పడుకున్న క్లీనర్ కూడా లేచి కూర్చున్నాడు. గుండయ్యకు ఊపు వచ్చింది. తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ఆయన తలపాగా విప్పాడంటే ఇక కథ నేల మీద ఉండదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకనాడు దొర టెలిగ్రాం కొట్టిండు, జల్ది రా, కంపెనీ మునుగుతున్నదని. పోయి చూస్త కద, ఏడంతస్తుల మేడ ఎడమ దిక్కు ఒరిగింది! సముద్రం మీదికి ఒంగింది. ఇంజనీర్లు వచ్చిన్రు, మేస్త్రీలు వచ్చిన్రు, ఎవనికీ సమజైతలే. నేను లోపలికి పోయి ఒక్క చుట్టు తిరిగి వచ్చిన. ఏందంటె, అప్పులు రాసే గుమాస్తలందరు ఎడమ దిక్కు కూసున్నరు, వచ్చే పైసల ఆమ్దానీ రాసెటోళ్లు కుడి దిక్కు కూసున్నరు. ఎడమ దిక్కు బరువైంది, మేడ ఒరిగింది. బీకాంల మొదటి పాఠమే గది, రెండు దిక్కులు సమానం ఉండాలె. సగం మంది గుమాస్తలను బీరువలతోని సహ కుడి దిక్కుకు జరిపిచ్చిన. మేడ కిర్రుమని లేసి సీదా నిలవడ్డది. సముద్రంల పడవలోళ్లు చప్పట్లు కొట్టిన్రు."

"అండ్ల లిఫ్టుల ఉన్నాయన ఏమయిండు కాకా?" అని మహాదేవమ్మ అడిగింది.

గుండయ్య ఒక్క క్షణం తడబడ్డాడు గానీ దలాల్ దలాలే. "మేడ లేసిన కుదుపుకు లిఫ్టు కిందికి జారింది బిడ్డా. తలుపు తెరుచుకుంది. ఆయన సీదా కాలేజీకే ఉరికిండు. మిగిలిన రెండేండ్లు చదివిండు. ఇప్పుడు కలకత్తల పెద్ద మేనేజర్."

ఆ పిల్ల తండ్రి వంక చూసింది. వీరప్ప రోడ్డు వంక చూశాడు.

"మేడ లేపినంక నన్నెవడు ఆపుతడు? పెద్ద మేనేజర్ని చేసిన్రు. ఆ మీద డైరెక్టర్. డైరెక్టర్లంటె పన్నెండు మంది, అందరు లండన్ల చదివినోళ్లే, గుండ్రటి బల్ల సుట్టు కూసోని ఒకలు అవునంటె ఇంకొకలు కాదంటరు. నేను బల్ల మీది గుడ్డనే తువ్వాల జేసిన. బల్ల కింద పన్నెండు మందితోని ఒక్కసారే బేరం. చేతి వేళ్లు పది, ఇంక ఇద్దరు మిగిలిన్రు, వాళ్లకు కాలి బొటనవేళ్లు. ఇగో ఇట్ల. బేరం తెగింది, నన్ను ఛైర్మన్ అన్నరు."

"చెప్పులిప్పినవా?" అన్నాడు జగ్గయ్య.

"ఇప్పిన. ఇజ్జత్ లేదా మనకు? ఇగ ఛైర్మనంటె వాటాలున్నోళ్లందరు ఒప్పుకోవాలె. వాళ్లు ఎంతమంది? బొంబాయి అంత వాళ్లే. సముద్రం ఒడ్డున మీటింగ్ పెట్టిన్రు. అందరితోని తువ్వాల బేరం చెయ్యాలంటె అంత తువ్వాల యాడ దొరుకుతది? ఓడ కాడికి పోయిన, తెరచాప ఇప్పిచ్చిన, బొంబాయి మీద పర్సిన. అందరు చేతులు లోపలికి పెట్టిన్రు. నేను ఈ కొసకు ఒక్క వేలు నొక్కితె ఆ కొసకున్న ముసలామె 'ఖరార్' అని ఒర్రింది!

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా కుర్చీ. నేను సంతకం పెట్టినకొద్ది కంపెనీ పెరిగేది, కంపెనీ పెరిగినకొద్ది కుర్చీ లేసేది. మేడ కప్పు తీసేసిన్రు. కుర్చీ మబ్బులల్లకు పోయింది. ఫైళ్లు గద్దలు తెస్తుండె. ఒకనాడు వాన కాలం, చీకటిగున్నది, కాగితం అనుకోని మబ్బు మీద సంతకం పెట్టిన. సిరా అంత మబ్బు పీల్సింది. గా మబ్బు తేలుకుంట తేలుకుంట వచ్చి యాడ కురిసింది? మన కోహీర్ మీద! గా సాల్ కోహీర్ల జామకాయలు నీలంగ కాసినయ్, యాదికుందా లేదా?"

"గా సాల్ వానలే లెవ్వు, జామకాయలే కాయలే," అంది నాగవ్వ.

"ఎట్ల కాస్తయ్, చెట్లన్ని సిరా తాగి చదువుకోను పోయినయ్! ఇప్పుడు పెద్ద పెద్ద పట్నాలల్ల మేనేజర్లను తయారుచేసే బడులు పెడ్తున్నరంట కద, పేపర్ల చూసిన్రా? ఎందుకు పెడ్తున్నరు? నా అసుంటోడు ఇంకొకడు పుట్టడు కాబట్టి బళ్లె తయారు చెయ్యాలె అని. నేనెందుకు ఇడిసిపెట్టి వచ్చిన్నంటవా? నేనుండంగ మిగిలినోళ్లకు ప్రమోషన్ ఎట్లొస్తది? పాపం అనిపిచ్చింది. దిగిన. సీదా మన అల్లం అంగట్ల దిగిన. అందుకే చెప్తున్న వీరప్పా, బిడ్డను పంపు. ఒక్క యేడు కాదు, మూడేండ్లు పంపు. కుర్చీ దానంతట అదే వస్తది."

ఆయన ఆగాడు. బస్టాండు దిక్కు నుంచి కండక్టర్ కేక వినిపించింది, పట్నం బస్సు వచ్చేస్తోంది. మహాదేవమ్మ లేచి ట్రంకు పెట్టె పిడి పట్టుకుంది.

వీరప్ప కూడా లేచాడు. లేచి గుండయ్య ముందర నిలబడ్డాడు.

"చెయ్యి ఇటియ్యి."

"ఏందే?"

"చెయ్యి ఇటియ్యి అంటున్న." వీరప్ప భుజం మీది తువ్వాల తీశాడు. గుండయ్య కుడిచెయ్యి పట్టుకున్నాడు. పైన కప్పాడు. "నోరు బంద్ చెయ్యి. వేళ్లతోని చెప్పు. కాలేజీల ఎన్నేండ్లు చదివినవ్?"

"ఇది అల్లం బేరమా ఏంది వీరప్పా, తువ్వాల కింద..."

"వేళ్లతోని చెప్పు."

మేమంతా దగ్గరికి జరిగాం. నాగవ్వ కూడా మూకుడు దించి వచ్చింది. తువ్వాల కింద ఒక్క వేలు నొక్కినా పైన గుడ్డ కదులుతుంది. అంగట్లో పుట్టి పెరిగిన కళ్లు మావి, అంత మాత్రం కనిపెడతాం. చూస్తున్నాం. గుడ్డ కదల్లేదు. గుండయ్య నుదుటి మీద నరం లేచింది, పెదవులు కదిలాయి, చెప్పడానికి ఆయన నోట్లో ఇంకో బొంబాయి సిద్ధంగా ఉందని తెలుస్తూనే ఉంది. గుడ్డ మీద ఒక్క ముడత కూడా కదల్లేదు.

"లిఫ్టు పడ్డదిరో!" అని జగ్గయ్య తొడ చరిచి నవ్వాడు.

"నవ్వకు," అన్నాడు వీరప్ప. చెయ్యి వదల్లేదు. గుండయ్యతోనే అన్నాడు. "నువ్వు నేను ఉర్దూ బళ్లె ఒక్క చాప మీద కూసున్నం. నాలుగో జమాత్‌ల ఇద్దరం ఒక్కనాడే బంద్ జేసినం. నీ బీకాం నాకు తెల్వదా? గింతసేపు ఇనుకుంట కూసున్న. ఇప్పుడు ఒక్కటడుగుత, ఇది సుత వేళ్లు నా చేతుల ఉండంగనే చెప్పాలె. గా డిగ్రీ నిజంగనే నీకుంటె, గిన్ని కోతలు కోస్తుంటివా?"

గుండయ్య తల దించుకున్నాడు. నేల చూస్తూనే అన్నాడు, "ఎందుకు కోస్త వీరప్పా? కాగితం బల్ల మీద పెట్టి నోర్మూసుకోని కూసుంటుంటి."

ఆ మాట విన్నాక నాకు నవ్వు రాలేదు. జగ్గయ్యకు కూడా రాలేదు. వీరప్ప మెల్లగా చెయ్యి తీసుకుని తువ్వాల మళ్లీ భుజాన వేసుకోబోయాడు. ఈలోగా మహాదేవమ్మ పెట్టె కింద పెట్టి వచ్చి ఆ తువ్వాల కొస పట్టుకుంది.

"నాయినా, ఇప్పుడు నాతోని."

మా అంగట్లో ఆడవాళ్లు తువ్వాల కింద చెయ్యి పెట్టరు. నాగవ్వ ఇన్నేళ్లుగా అల్లం కొంటుంది, ఆమె కూడా నోటితోనే కొంటుంది. వీరప్ప చుట్టూ చూశాడు.

"అందరి ముందల ఏందే గిది?"

"గా మసాలా కంపెనీల అందరి ముందలనే నిన్ను నిలవెట్టిన్రు. నేను నీ పక్కకే ఉన్న. గా మేనేజర్ పిల్లగాడు కూసున్న కుర్చీ నాకు కావాలె నాయినా. మన అసుంటోళ్లు వచ్చిననాడు కూసో అని చెప్పెటోళ్లు ఒకలుండాలె ఆ కుర్చీల. ఒక్క యేడు చదివితే నాకు మన దుకాణంల గల్ల కాడి పీటనే దొరుకుతది. చెయ్యి పెట్టు."

వీరప్ప చెయ్యి పెట్టాడు. పిల్ల తువ్వాల కప్పింది, సరిగ్గా దలాల్ కప్పినట్టే నాలుగు పక్కలా సర్ది మరీ కప్పింది. గుడ్డ ఒకసారి కదిలింది. అది వీరప్ప వేలు అని ఆయన మొహం చూస్తే తెలిసింది. మళ్లీ కదిలింది, ఈసారి గట్టిగా. వీరప్ప తల అడ్డంగా ఊపాడు. మళ్లీ కదిలింది. ఆ పిల్ల కళ్లు తండ్రి మొహం మీద నుంచి కదల్లేదు, చెయ్యి వెనక్కి తీయలేదు. రోడ్డు మీద బస్సు వచ్చి ఆగింది, హారన్ కొట్టింది, కండక్టర్ పట్నం పట్నం అని అరుస్తున్నాడు. కథలో దొరకు పట్టిందో లేదో తెలియదు గానీ వీరప్పకు మాత్రం నిజంగానే చెమట పట్టింది.

"ఖరార్," అన్నాడు చివరికి.

"ఎన్నింటికి? ఎన్నింటికే?" అని జగ్గయ్య గోల పెట్టాడు.

"తువ్వాల కింది మాట బయట చెప్తరా?" అని వీరప్ప తువ్వాలతోనే మొహం తుడుచుకుని, ట్రంకు పెట్టె తనే ఎత్తుకుని బస్సు దగ్గరికి నడిచాడు. పక్కచుట్ట మర్చిపోయాడు. గుండయ్య దాన్ని చంకలో పెట్టుకుని పరుగెత్తి వెళ్లి కిటికీలోంచి అందించాడు.

బస్సు కదిలింది. వెనక కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. తువ్వాల లేదు, చాటు లేదు, రోడ్డు మీద అందరికీ కనపడేలా మూడు వేళ్లు.

గుండయ్య తిరిగి వచ్చి తన చోట్లో కూర్చున్నాడు. ఊరుకోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు. తలపాగా సవరించుకున్నాడు.

"చూసిన్రా? మూడు వేళ్లు! బొంబాయిల నేను దొరతోని ఖరార్ చేసింది సుత మూడు వేళ్లకే. గా పిల్ల పోయి చదువుతది, లిఫ్టు ఎక్కుతది, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

నాగవ్వ మూకుడు మళ్లీ పొయ్యి మీద పెట్టింది.

"ఆ తర్వాతది నీకెట్ల తెలుస్తది గుండయ్యా? అది గా పిల్ల చదువుకోని వచ్చి చెప్తది. నువ్వు ఛాయ్ తాగు, సల్లారిపోతున్నది."